నొప్పికి సూది, వెన్నుకు సర్దుబాటు: సమీకృత వైద్యంలో తెలుసుకోదగినవి

అరసవల్లి శ్రీ సూర్యనారాయణస్వామివారి సన్నిధికి వచ్చే భక్తులలో అనేకులు ఆరోగ్యాన్ని కోరి వచ్చేవారే. ఆరోగ్యాన్ని ప్రసాదించేవాడు ఆదిత్యుడని మన పెద్దల విశ్వాసం. మార్చి, అక్టోబరు నెలలలో ఉదయభానుని కిరణాలు స్వామివారి పాదాలను తాకే రోజులలోను, రథసప్తమినాడు నిజరూప దర్శనానికి బారులు తీరినప్పుడును, నడుము మీద చేయి ఆనించి నిలుచున్న వృద్ధులు మనకు ఎందరో కనిపిస్తారు. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ముగించి ఇంటికి చేరి, మరునాడు మోకాళ్లకు, పిక్కలకు తైలం రాసుకొనేవారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఊరూరా ఉన్నారు.

ఈ నొప్పుల విషయంలో ఇటీవల రెండు పేర్లు తరచుగా వినవస్తున్నాయి. ఒకటి ఆక్యుపంక్చర్, అనగా సూది చికిత్స. రెండవది కైరోప్రాక్టిక్, అనగా చేతులతో వెన్నుపూసల కీళ్లను సర్దే చికిత్స. ఈ రెండింటినీ ఆధునిక వైద్యంతో జతపరచి చేయడాన్ని సమీకృత వైద్యం అంటున్నారు. ఇటువంటి ఉచిత శిబిరాలకు విరాళమివ్వాలని తలచే దాతలు ఉన్నారు. వాటికి వెళ్లవచ్చునా అని సందేహించే యాత్రికులూ ఉన్నారు. ఆ ఉభయుల కోసమే ఈ వ్యాసం.

మన ప్రాంతానికి ఇది ఎందుకు ముఖ్యం?

వరి నాట్లకు వంగే నడుములు, పలాసలో జీడిపిక్కల పని మీద గంటల తరబడి కూర్చునే శరీరాలు, పొందూరులో రాట్నం ముందు, మగ్గం మీద వంగిన మెడలు, సముద్రం నుండి వలలు లాగే భుజాలు మన ప్రాంతపు జీవనానికి గుర్తులు. నొప్పి పుట్టగానే మందుల దుకాణానికి వెళ్లి రెండు మాత్రలు కొనితెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాత్రతో సాయంత్రానికి ఉపశమనం కలుగుతుంది, మరునాడు మళ్లీ పనికి పోవచ్చు. కాని అదే మాత్ర నెలల తరబడి సాగితే మూత్రపిండాలకు ముప్పు.

డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. నొప్పి, వాపు తగ్గేది అందువల్లనే. అయితే మూత్రపిండాలకు రక్తప్రసారం సరిగా సాగడానికి కూడా ఆ పదార్థాలే తోడ్పడతాయి. ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు త్రాగని దేహంలో ఈ మందు పడితే మూత్రపిండాలు మరింత దెబ్బతింటాయి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలతో కూడిన ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను కుదిపివేసింది. ఆ వ్యాధికి మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. నొప్పి మాత్రలే కారణమని చెప్పడం సరికాదు. కాని అప్పటికే బలహీనపడిన మూత్రపిండాలపై అవి అదనపు భారమన్నది నిస్సందేహం. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వ్యాధి వచ్చిన తరువాత ఆశ్రయం దొరకడం మేలే; రాకుండా జాగ్రత్తపడడం ఇంకా మేలు. కనుక మాత్రలు లేకుండా నొప్పిని తగ్గించే మార్గాలేవి, వాటిలో ఎంత నిజమున్నది అన్న ప్రశ్న మనకు కేవలం కుతూహలం కాదు, అవసరం.

సూది చికిత్స

ఆక్యుపంక్చర్ పుట్టినిల్లు చైనా. దేహంలో ప్రాణశక్తి కొన్ని మార్గాల గుండా ప్రవహిస్తుందని, ఆ మార్గాలపై గల స్థానాలలో సన్నని సూదులు గుచ్చితే ప్రవాహం సమతుల్యం అవుతుందని ప్రాచీన చైనా వైద్యులు భావించారు. 1938లో చైనా ప్రజలకు సేవ చేయడానికి మన దేశం నుండి వెళ్లిన ఐదుగురు వైద్యుల బృందంలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పేరు జగద్విదితం. ఆ బృందంలోని మరొక వైద్యుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఈ విద్యను అభ్యసించి వచ్చి, మన దేశంలో దీనికి నాంది పలికారు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

శక్తిమార్గాలు శరీరశాస్త్రంలో కనబడలేదు. కాని సూది గుచ్చినప్పుడు నాడులు ప్రేరేపితమై, శరీరం తనంతట తాను ఎండార్ఫిన్ల వంటి నొప్పి నివారక పదార్థాలను విడుదల చేస్తుందని పరిశోధకులు కనుగొన్నారు. మరి ఫలితం ఎంత? జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలపు నడుమునొప్పి రోగులపై జరిగిన అధ్యయనం 2007లో ప్రచురితమైనది. ఆరు నెలల తరువాత చూడగా, చైనా పద్ధతిలో సూదులు వేయించుకున్నవారిలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. నిర్ణీత స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామం వంటి సాధారణ చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికి గుణం కలిగింది.

ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. సూది చికిత్సతో కొందరికి ఉపశమనం కలుగుతున్నది. అయితే ఏ స్థానంలో గుచ్చారన్నదానికి దాని శాస్త్రం చెప్పేంత ప్రాధాన్యం కనబడలేదు. ఆ ఉపశమనంలో రోగి నమ్మికకు, చికిత్సకుడు చూపే శ్రద్ధకు కూడా భాగమున్నదని దీనివల్ల గ్రహించవచ్చు.

వెన్ను సర్దుబాటు

నడుము పట్టినప్పుడు ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తొక్కించుకోవడం, బెణికిన చోట నూనె రాసి తోమించుకోవడం మన పల్లెలలో ఎరుగని ఇల్లు ఉండదు. చేతులతో వెన్నును సర్దే ఆచారం అనేక దేశాలలో ఉన్నది. దానికి కైరోప్రాక్టిక్ అనే పేరు, పద్ధతి ఏర్పరచినవాడు అమెరికాకు చెందిన డి.డి. పామర్. 1895లో డావెన్‌పోర్ట్ పట్టణంలో ఆయన ఈ చికిత్సను ఆరంభించాడు. వెన్నుపూసలు తమ స్థానం నుండి తొలగడమే చాలా రోగాలకు మూలమని ఆయన సిద్ధాంతం. నేటి వైద్యశాస్త్రం ఆ సిద్ధాంతాన్ని అంగీకరించదు. మధుమేహం, ఉబ్బసం, రక్తపోటు వెన్ను సర్దుబాటుతో నయమవుతాయని ఎవరైనా చెబితే విశ్వసించరాదు.

సర్దేటప్పుడు వినిపించే 'టక్' అనే శబ్దం ఎముక తిరిగి చోటుకు చేరిన ధ్వని కాదు. కీలు మధ్యనుండే జిగట ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా మారి, వాయుబుడగ ఏర్పడే వేళ పుట్టే ధ్వని అది. అయినప్పటికీ, బిగుసుకున్న కీలు కదలిక కొంత మెరుగై, దాని చుట్టూ ఉన్న కండరాలు సడలడం వలన నడుమునొప్పిలో కొందరికి మేలు కలుగుతున్నది.

రెండింటినీ కలిపితే?

నొప్పి వలన కండరం బిగుస్తుంది. కండరం బిగిస్తే కీలు కదలదు. కీలు కదలకుంటే నొప్పి పెరుగుతుంది. ఈ వలయాన్ని రెండు చోట్ల తెంచవచ్చునన్నది సమీకృత చికిత్సకుల ఆలోచన. ముందుగా సూదులతో నొప్పిని, బిగుతును తగ్గించి, తరువాత చేతులతో కీలును కదిలించి, ఆపై వ్యాయామంతో ఆ మేలును నిలుపుతారు. ఆలోచన సమంజసమే. అయితే రెండూ కలిపినందువల్ల విడివిడిగా కంటె ఎక్కువ ప్రయోజనం ఉన్నదని తేల్చే పెద్ద అధ్యయనాలు తక్కువ.

దేశదేశాల వైద్య సంస్థల అభిప్రాయాలు కూడా ఒకే రీతిగా లేవు. అమెరికా వైద్యుల కళాశాల 2017లో నడుమునొప్పికి మొదట మందులు లేని మార్గాలనే ప్రయత్నించవలసిందిగా సూచించి, వ్యాయామం, యోగం, సూది చికిత్స, వెన్ను సర్దుబాటులను వాటిలో చేర్చింది. బ్రిటన్ మార్గదర్శకాలు 2016లో నడుమునొప్పికి సూది చికిత్స వద్దన్నాయి; చేతి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే చేయవచ్చునన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన సూచనలు రోగికి అవగాహన కల్పించడానికి, వ్యాయామానికి పెద్దపీట వేసి, ఈ చికిత్సలను తోడుగా అంగీకరించాయి. అందరూ ఏకగ్రీవంగా మెచ్చినది ఒక్కటే: శరీరాన్ని క్రమం తప్పక కదిలించడం. కొత్తగా వచ్చిన నడుమునొప్పి చాలామందికి కొన్ని వారాలలో తనంతట తానే తగ్గుతుందన్న సత్యమూ మరువరాదు. తగ్గిన ప్రతి నొప్పికీ చికిత్సే కారణమనుకోనక్కరలేదు.

ఎవరికి కూడదు?

ఈ క్రింది లక్షణాలు ఉన్నవారు సూదికిగాని సర్దుబాటుకుగాని పోక, ముందు వైద్యుని దర్శించాలి. కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత పెరగడం. మలమూత్రాలపై అదుపు తప్పడం. జ్వరంతో కూడిన వెన్నునొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం. పడిపోయిన తరువాత మొదలైన నొప్పి. పూర్వం కాన్సరు వచ్చిన వారికి కొత్తగా పుట్టిన నొప్పి. మన దేశంలో క్షయ వెన్నుపూసలకూ సోకుతుంది. అటువంటి వెన్నును బలంగా తిప్పితే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడే ప్రమాదమున్నది.

వృద్ధులకు, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలకు, ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. వారికి బలమైన సర్దుబాటు తగదు. మెడను హఠాత్తుగా తిప్పి విరిచే పద్ధతి ఎవరికైనా ప్రమాదకరమే. మెదడుకు పోయే రక్తనాళపు గోడ చీలి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నాయి. క్షౌరశాలలో మెడ విరిపించుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూత్రపిండాల రోగులకు మరింత జాగ్రత్త అవసరం. ఆ వ్యాధిలో ఎముకలు పెళుసుబారుతాయి. డయాలసిస్ సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు గనుక సూది గుచ్చిన చోట రక్తస్రావం కావచ్చు. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చేతికి సూదులు వేయనీయరాదు. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు, గర్భిణులు కూడా తమ వైద్యుని అనుమతి లేనిదే ఈ చికిత్సలకు పోరాదు.

యాత్రికులకు, దాతలకు మనవి

శిబిరానికి వెళ్లిన యాత్రికులు సంకోచం విడిచి మూడు ప్రశ్నలు వేయాలి. తమను మొదట పరీక్షించేది నమోదైన వైద్యుడేనా? సూది తమ కళ్లెదుట కొత్త పొట్లం నుండి తీసి, ఒక్కసారి వాడి పారవేస్తున్నారా? చికిత్స చేసేవారి శిక్షణ ఏమిటి? ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే కామెర్లను కలిగించే హెపటైటిస్-బి వంటి రోగాలు సంక్రమిస్తాయి. ఛాతీపై లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడవచ్చు. కైరోప్రాక్టిక్‌కు మన దేశంలో ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. కనుక వెన్నుకు చేతి చికిత్స అవసరమైతే అర్హతగల ఫిజియోథెరపిస్టును ఆశ్రయించడం క్షేమకరం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో వైద్య కళాశాలలకు అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. ముందుగా అక్కడ ఎముకల వైద్యునికి చూపించుకోవచ్చు. చికిత్స ఏదైనా, వాడుతున్న మందులను చెప్పకుండా మానివేయరాదు.

దాతలు శిబిరానికి ధనమిచ్చే ముందు దాని ఏర్పాట్లను విచారించాలి. సూదులు, బల్లలతోపాటు రక్తపోటు చూడడానికి, రక్తంలో క్రియాటినిన్ పరీక్షించడానికి అవకాశం ఉంటే ఆ శిబిరం మన జిల్లాలకు నిజంగా ఉపకరిస్తుంది. ఒక్కరోజు చికిత్స చేసి వెళ్లిపోయే శిబిరం కంటె, వ్యాయామం నేర్పి, నెల తరువాత మళ్లీ విచారించే ఏర్పాటు శ్రేష్ఠం. దర్శన వరుసలలో వృద్ధులు కూర్చొనేందుకు బల్లలు, త్రాగడానికి మంచినీరు సమకూర్చడం కూడా నొప్పిని నివారించే సేవయే.

సూర్యోపాసనలో భాగమైన నమస్కారాలు శరీరానికి మంచి వ్యాయామం. అయితే నడుమునొప్పి ఉన్నవారు ముందుకు వంగే భంగిమలను వైద్యుని అడిగిన తరువాతనే చేయాలి. చేయలేనివారు తూర్పుముఖంగా నిలిచి చేతులు జోడించినా స్వామి స్వీకరిస్తాడు. దేవుడిచ్చిన దేహాన్ని వివేకంతో కాపాడుకోవడం కూడా ఆరాధనయే. ప్రత్యక్షదైవమైన ఆ ఆదిత్యభగవానుడు భక్తులందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!