ఒక్క ఎంటర్, పద్దెనిమిది కంప్యూటర్లు

మొన్న సెలవుల్లో మా బాబాయ్ ఆఫీసుకి వెళ్లాను. చిన్న ఆడిటర్ ఆఫీసు. 18 విండోస్ కంప్యూటర్లు, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. అన్నిట్లో లిబ్రేఆఫీస్ కొత్త వెర్షన్ వేయాలి. "పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లరా" అన్నారు బాబాయ్. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు వేసుకున్నా నాలుగున్నర గంటలు! సీఎస్ఈ చదువుతూ ఇదేం పని అనిపించింది. "స్క్రిప్ట్ రాస్తాను బాబాయ్" అన్నాను.

ఈ పనిలో మూడు మెట్లు ఉంటాయి ఫ్రెండ్స్.

మొదటిది, అవతలి కంప్యూటర్ మన మాట వినాలి. విండోస్‌లో దీనికి పవర్‌షెల్ రిమోటింగ్ ఉంది. మామూలు విండోస్ పీసీల్లో ఇది మొదట ఆఫ్‌లో ఉంటుంది. అడ్మిన్‌గా 'ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్' అనే కమాండ్ ఇస్తే 5985 పోర్టు మీద వినడం మొదలుపెడుతుంది. డొమైన్ ఉన్న పెద్ద ఆఫీసుల్లో గ్రూప్ పాలసీతో ఒకే చోటి నుంచి ఆన్ చేయొచ్చు. బాబాయ్ ఆఫీసులో డొమైన్ లేదు. కాబట్టి ఆ ఒక్కసారికి నేనూ అన్ని సీట్ల చుట్టూ తిరగక తప్పలేదు!

రెండోది, ఇన్‌స్టాలర్ ఫైలు అక్కడికి చేరాలి. షేర్డ్ ఫోల్డర్ దారి ఇస్తే చాలనుకున్నాను. 'యాక్సెస్ డినైడ్' అంది. ఎందుకంటే, నేను రిమోట్‌గా లాగిన్ అయిన కంప్యూటర్, నా పేరు చెప్పి ఇంకో కంప్యూటర్ దగ్గరికి వెళ్లలేదు. నా పాస్‌వర్డ్ దాని దగ్గర ఉండదు కదా. దీన్నే డబుల్ హాప్ సమస్య అంటారు. సులువైన దారి ఏంటంటే, ముందు ఫైలుని ప్రతి కంప్యూటర్‌కీ కాపీ చేసేయడం.

మూడోది, 'నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్' నొక్కే మనిషి లేకుండా ఇన్‌స్టాల్ అవ్వాలి. ఎంఎస్ఐ ఫైళ్లకి 'స్లాష్ క్యూఎన్' అని ఇస్తే కిటికీ ఏదీ తెరవకుండా నిశ్శబ్దంగా పని చేసుకుపోతుంది. పవర్‌షెల్ మామూలుగా (మనం మార్చకపోతే) ఒకేసారి 32 కంప్యూటర్ల దాకా కమాండ్ పంపుతుంది. నావి పద్దెనిమిదే.

ఒక ఖాళీ కంప్యూటర్ మీద టెస్ట్ చేశాను. బాగానే వచ్చింది. ధైర్యంగా మిగతా అన్నిటికీ ఎంటర్ కొట్టాను.

కాసేపటికి అటు గదిలోంచి కేక. ఐదు కంప్యూటర్లు వాటంతట అవే రీస్టార్ట్ అయ్యాయి. అకౌంట్స్ చూసే అక్క జీఎస్టీ లెక్కల షీటు తెరిచి ఉంది, సేవ్ చేయని వరుసలు పోయాయి. "ఏం చేశావు తమ్ముడూ?" అంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

కారణం తర్వాత తెలిసింది. పాత లిబ్రేఆఫీస్ వాడుకలో ఉంటే దాని ఫైళ్లని మార్చడానికి ఇన్‌స్టాలర్‌కి రీస్టార్ట్ కావాల్సి రావచ్చు. మామూలుగా అయితే మనల్ని అడుగుతుంది. 'క్యూఎన్' అన్నాక అడగదు, నేరుగా చేసేస్తుంది. పక్కన 'స్లాష్ నోరీస్టార్ట్' అని ఒక్క మాట చేర్చి ఉంటే ఆగేది. నేను టెస్ట్ చేసింది ఎవరూ వాడని కంప్యూటర్ మీద. అందుకే అక్కడ ఈ తప్పు బయటపడలేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ నడిపాను. ఈసారి స్క్రిప్ట్ ముందు వెర్షన్ చూస్తుంది, కొత్తది ఉంటే వదిలేస్తుంది. పని అయ్యాక ఒక్కో కంప్యూటర్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్ రాసిపెడుతుంది. 0 అంటే అయింది, 3010 అంటే అయింది గానీ రీస్టార్ట్ కావాలి, 1603 అంటే ఫెయిల్. స్విచాఫ్ చేసిన రెండు కంప్యూటర్లు జాబితాలో విడిగా కనిపించాయి.

ఇంకో మాట. 2017 జూన్‌లో నాట్‌పెట్యా మాల్వేర్ ఆఫీసు నెట్‌వర్కుల్లో పాకడానికి వాడుకున్న వాటిలో పీఎస్‌ఎగ్జెక్, డబ్ల్యూఎంఐ కూడా ఉన్నాయి. అడ్మిన్లు రోజూ వాడే పనిముట్లే అవి. షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ 45,000 పీసీల్లో మళ్లీ అంతా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చింది. అంటే మన స్క్రిప్ట్‌కి తెరిచిన తలుపులోంచి ఎవరైనా రావచ్చు. పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాసి పెట్టొద్దు. అన్ని కంప్యూటర్లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ అసలే వద్దు.

మన ల్యాబ్‌లో మీరెవరైనా ఇలాంటిది రాస్తే, ఎంటర్ కొట్టే ముందు ఒకసారి లేచి ఆ గదిలోకి తొంగి చూడండి. ఐపీ అడ్రస్ వెనకాల ఎవరో కూర్చుని ఉంటారు. నేను ఆ అక్క పక్కన కూర్చుని, పోయిన వరుసలన్నీ మళ్లీ టైప్ చేసి వచ్చాను.