ప్రవాసంలో స్వతంత్ర సినిమా: హైలే గెరిమా చలనచిత్ర ప్రస్థానం

స్టూడియో డబ్బు లేకుండా తీసినంత మాత్రాన సినిమా స్వతంత్రమైపోదు. దానిని ఎవరు ప్రదర్శిస్తారు, హక్కులు ఎవరి చేతిలో ఉంటాయి అన్నవి అంతకంటే కఠినమైన ప్రశ్నలు. ఇథియోపియా దర్శకుడు హైలే గెరిమా కృషిని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1946లో గోండర్‌లో జన్మించిన గెరిమాకు నాటకం తండ్రి నుంచి సంక్రమించిన విద్య. 1967లో అమెరికా వెళ్ళి షికాగోలో నటన అభ్యసించారు. 1970లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి సినిమావైపు మళ్ళారు. అక్కడ చార్లెస్ బర్నెట్, జూలీ డాష్ మొదలైన నల్లజాతి విద్యార్థుల చిత్రాలతో పాటు ఆయన చిత్రాలనూ విమర్శకులు తరువాతి కాలంలో ‘ఎల్.ఏ. రెబెలియన్’ అని వ్యవహరించారు. ఆ దశకు చెందిన ‘బుష్ మామా’ ఆరంభంలో కనిపించే పోలీసు సోదా నటించినది కాదు. చిత్రబృందాన్నే పోలీసులు ఆపి సోదా చేస్తుండగా కెమెరాకు చిక్కిన దృశ్యం.

చక్రవర్తి హైలే సెలాసీ పాలన కూలిన కాలంలో స్వదేశం వెళ్ళి అమ్హారిక్ భాషలో ‘హార్వెస్ట్: 3,000 ఇయర్స్’ (1976) తీశారు. భూస్వామి కింద నలిగే రైతు కుటుంబమే ఇందులోని వస్తువు. నలుపు తెలుపుల్లో, రెండున్నర గంటల నిడివితో, సేద్యపు లయకు తగ్గట్టు నెమ్మదిగా నడిచే ఈ చిత్రం ప్రేక్షకుడి ఓపికను పరీక్షిస్తుంది. ఆ నిదానమే దాని బలమని చెప్పాలి.

1975 నుంచి ఆయన వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా బోధించారు. నెలజీతపు ఆధారం లేకుంటే తరువాతి చిత్రాలు వచ్చేవా అన్నది సందేహమే.

అసలు పరీక్ష ‘సాన్‌కోఫా’ (1993)తో ఎదురైంది. ‘వెనక్కి వెళ్ళి తెచ్చుకో’ అని ఆ అకాన్ మాటకు అర్థం. ఘనా తీరంలోని బానిసల కోటలో ఫొటోలకు నిలబడిన ఒక ఆధునిక మోడల్ గతంలోకి జారి, తోటలో బానిసగా మేల్కొనడం కథ. బెర్లిన్ చిత్రోత్సవంలో పోటీకి ఎంపికైనా అమెరికా పంపిణీదారులు ముందుకు రాలేదు. గెరిమా తానే వాషింగ్టన్‌లో థియేటరు అద్దెకు తీసుకుని ప్రదర్శించారు. నల్లజాతి సమాజం నోటిమాటగా ప్రచారం చేసింది. ఊరి తరువాత ఊరుగా చిత్రం సాగింది. సొంత సంస్థ మైఫెదు ఫిలిమ్స్ ద్వారా పంపిణీ జరగడంతో హక్కులు చేజారలేదు. తరువాత భార్య, దర్శకురాలు షిరికియానా ఐనాతో కలిసి హోవర్డ్ ఎదుటే ‘సాన్‌కోఫా’ పేరిట పుస్తకాల, వీడియోల దుకాణం నెలకొల్పారు.

‘తెజా’ (2008)లో జర్మనీలో చదివి వచ్చిన మేధావి, సైనిక పాలనలో ఛిద్రమైన తన దేశాన్ని చూస్తాడు. దానికి వెనిస్‌లో ప్రత్యేక జ్యూరీ బహుమతి, 2009లో వగడుగులోని ఫెస్పాకో ఉత్సవంలో అత్యున్నత పురస్కారం లభించాయి. ‘సాన్‌కోఫా’ మాత్రం పునరుద్ధరణ పొంది నెట్‌ఫ్లిక్స్ చేరడానికి 2021 వరకు ఆగవలసి వచ్చింది.