కాల్వ ఈతకు కట్టుబాటే కాపలా
* బావి ఈత నేర్పిన జాగ్రత్తలు మరుగున
* గట్టుపై ఒకరు, చేతిలో తాడు తప్పనిసరి

నంద్యాల, ఆళ్లగడ్డ: బావుల్లో నీరున్న రోజుల్లో పల్లెల్లో ఈత నేర్చుకోవడానికి ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా దిగేవాడి నడుముకు ఎండిన సొరబుర్రలో, బెండ్లో కట్టేవారు. తాడు కొస పట్టుకొని చిన్నాయనో, మామో మెట్టుపై నిలబడేవాడు. ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా దిగినవాడికి ఇంట్లో దెబ్బలు తప్పేవి కావు. బోర్లు పెరిగి బావులు ఎండిపోయాయి. ఈత కాల్వలకు మారింది. తాడు పట్టుకొనే మనిషి మాత్రం కాల్వ గట్టుకు రాలేదు. సెలవు రోజున స్నేహితులతో సరదాగా వెళ్లిన విద్యార్థి విగతజీవిగా ఇల్లు చేరడానికి ఇదీ ఒక కారణమే.

బావి వేరు.. కాల్వ వేరు

19వ శతాబ్దంలో పడవల రాకపోకలకు, సాగునీటికి తవ్విన కేసీ కాల్వ సుంకేసుల నుంచి కడప వరకు సుమారు 305 కిలోమీటర్లు సాగుతుంది. వెలుగోడు జలాశయం నుంచి వచ్చే తెలుగుగంగ కాల్వ ఆళ్లగడ్డ ప్రాంతం మీదుగా వెళుతుంది. ఈ నీరు పొలాలకు ప్రాణం. ఈతగాడికి మాత్రం బావి నీటి వంటిది కాదు. బావిలో అలసినవాడు నాలుగు బారలు వేస్తే మెట్టు అందుతుంది. కాల్వలో అంతలోనే ప్రవాహం దూరం లాక్కుపోతుంది. నీటి వేగం రెండింతలైతే మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. సిమెంటు లైనింగు చేసిన చోట ఏటవాలు గట్టుకు పాచి పట్టి కాలు నిలవదు. తూములు, డ్రాపుల కింద సుడి తిరిగే నీరు గజ ఈతగాడినైనా అడుగుకు లాగుతుంది.

వారి నియమం మనకూ పాఠమే

గాలిపటం లాగుతుండగా పలకపై నిలబడి నీటిపై దూసుకుపోయే కైట్‌బోర్డింగ్ అనే క్రీడ ఉన్నది. తమిళనాడులోని రామేశ్వరం తీరంలో దీనిని నేర్పుతున్నారు. గాలి బలం హెచ్చితే ప్రాణాపాయమే. అందుకే ఒడ్డున మరొకరు లేనిదే పటం ఎగరవేయరాదని, దింపరాదని ఆ క్రీడాకారులు నియమం పెట్టుకొంటారు. ప్రమాదంలో పటాన్ని క్షణంలో వదిలించుకొనే పట్టీ ధరిస్తారు. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే దిగరు. నియమం తప్పినవాడిని తోటివారే ఆపుతారు. ప్రతి తీరానా పోలీసు ఉండడు కనుక ఒకరికొకరు కాపలా కాస్తారు. మన బావి గట్టు కట్టుబాటు సారాంశమూ ఇదే.

ఊరే పెట్టుకోవలసిన నియమాలు

కాల్వకు నీరు వదిలిన రోజుల్లో లోతు తెలియని చోట దిగరాదు. వంతెనపై నుంచి దూకరాదు. మద్యం తాగినవారిని నీటి దగ్గరకు రానీయరాదు. ఎంతమంది ఈదినా పెద్దవాడొకడు గట్టుపైనే ఉండి తలలు లెక్కపెట్టాలి. బట్టలు ఉతికే రేవు వద్ద పొడవైన తాడుకు మూత బిగించిన ఖాళీ క్యాను కట్టి ఉంచితే, ఖర్చు కొద్దిపాటిదే, ప్రాణం నిలబడవచ్చు. మునిగేవాడి కోసం వెంటనే నీటిలోకి దూకరాదు. భయంతో అతడు గట్టిగా పట్టుకొంటే ఇద్దరూ మునుగుతారు. పొడవైన కర్ర, తాడు, పంచె, చీర.. ఏది దొరికితే అది అందించాలి.

పైకి తీసిన తర్వాత..

వెంటనే 108కు ఫోన్ చేయించాలి. పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం వంటి పాత పద్ధతుల వల్ల విలువైన సమయం వృథా అవుతుంది. శ్వాస లేకపోతే ముందుగా నోటితో శ్వాస అందించాలి. ఆపై ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, 2 సార్లు శ్వాస ఇస్తూ వైద్య సాయం అందేవరకు కొనసాగించాలి. కోలుకొన్నా ఆసుపత్రికి తరలించాలి.

ప్రపంచంలో 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితి జులై 25ను ముంపు మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఇంచుమించు అదే కాలంలో మన కాల్వలకూ నీరు వస్తుంది. నీరు రాకముందే పాఠశాలల్లో ఈ విషయాలు చెప్పి, ప్రతి రేవు వద్ద ఒక తాడు కట్టించే బాధ్యతను గ్రామ పెద్దలు, యువజన సంఘాలు తీసుకోవలసి ఉన్నది.