ఫైరింజను వచ్చులోపల



రబీ కోతలు ముగిసిన తరువాత పల్లెను ఒక్కసారి కలయజూడుడు. వరిగడ్డి ఇంటికి చేరి వాములై నిలిచినది. గింజలు బస్తాలలో ఉన్నవి. పత్తికట్టె, కందికంప, పిడకలు పెరటిలో పేర్చియున్నవి. ఏడాది పొడవున మీరు పడిన కష్టమంతయు ఎండి, ఇంటి చుట్టును చేరియుండు కాలమది. పైన ఎండ, ప్రక్కన వడగాలి. అట్టి సమయములో ఆర్పకుండ పారవేసిన చుట్టముక్క ఒక్కటి చాలును, వీధి వీధియే బూడిద యగుటకు.

అప్పుడు మనము తలచుకొనునది అగ్నిమాపక దళమును. 101 నెంబరుకు గాని, 112 నెంబరుకు గాని ఫోను చేసినచో ఫైరింజను బయలుదేరును. పగలు, రాత్రి అను భేదము లేదు. మంట ఆర్పినందుకు రుసుమును లేదు. కాని ఇంజను రావలసినది పట్టణము నుండి. నిప్పు రగిలినది మీ ఊరిలో. ఈ రెంటికి నడుమనున్న కాలము దళము చేతిలోనిది కాదు, మీ చేతిలోనిది. దానిని ఎట్లు వినియోగించుకొనవలెనో తెలుపుటకే ఈ వ్యాసము.

దళము చేయు సేవ

అగ్నిమాపక దళము మంటలను ఆర్పుటకు మాత్రమే ఉన్నదని చాలమంది తలచెదరు. అది పొరపాటు. బావిలో పడిన మనిషిని గాని, పశువును గాని పైకి తీయుట, వరదలో చిక్కినవారిని పడవలపై ఒడ్డునకు చేర్చుట, తుపానుకు కూలిన చెట్లను కోసి దారి చేయుట, ప్రమాదములో నుజ్జయిన వాహనము నుండి మనుష్యులను వెలికితీయుట, ఇవన్నియు వారి విధులే.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడలో నిప్పు పుట్టినది. ఆ ఓడలో పత్తి బేళ్ళు, ప్రేలుడు పదార్థములు ఉన్నవి. మంటలార్పుచుండగనే ఓడ ప్రేలి, 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయిరి. వారి స్మృత్యర్థమే ఈ వారము. పత్తి పండించు రైతులు ఇందలి ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. పత్తిలో నిప్పు పైకి కనబడకుండ లోలోపల రగులుచుండును. ఆరినదనుకొన్న గంటలకు మరల లేచును. పత్తి నిల్వచేసిన గదిలో పొయ్యి, బీడీ, చుట్ట పనికిరావు.

ఒక చిన్న లెక్క

సాధారణముగ ఫైరింజను తొట్టిలో 4,500 లీటర్ల నీరు పట్టును. దాని పంపు నిమిషమునకు 1,800 లీటర్ల నీటిని చిమ్మగలదు. పూర్తి వేగమున వాడినచో తొట్టి రెండున్నర నిమిషములలో ఖాళీ యగును. సిబ్బంది పొదుపుగ వాడి మరికొంతసేపు నెట్టుకొని రాగలరు. కాని పెద్ద వామిని ఆర్పుటకు ఒక్క తొట్టి చాలదు. రెండవసారి నీరు ఎక్కడ దొరకును? ఇది పట్టణము నుండి వచ్చినవారికి తెలియదు. మీకే తెలియవలెను.

చెరువు గాని, బావి గాని ఉన్నంత మాత్రాన చాలదు. ఇంజను దాని దాపునకు పోగలుగవలెను. ఏ పంపైనను దాదాపు 7 మీటర్లకు మించిన లోతు నుండి నీటిని పీల్చుట కష్టమని మోటార్లు వాడు మీకు వేరే చెప్పనక్కరలేదు. మరియొక చిక్కు గలదు. మంటలు లేచినచోట ముందుగ కరెంటు ఆపవలెను. కరెంటు ఆపినచో బోరు మోటార్లును ఆగిపోవును. కనుక వేసవిలో తొట్లు, డ్రమ్ములు, ఓవర్‌హెడ్ ట్యాంకు నింపియుంచుట, ఆయిలింజను పంపు ఒకటి సిద్ధముగ నుంచుట ఊరికి రక్ష.

వేసవికి ముందే చేయవలసినవి

1. గడ్డివామికి, ఇంటికి నడుమ కనీసము 60 అడుగుల ఎడముండవలెను. అన్ని వాములను ఒకేచోట వేయరాదు.

2. కరెంటు తీగల క్రింద వామి వేయరాదు. తీగలు వ్రేలాడుచున్నచో విద్యుత్ సిబ్బందికి తెలిపి బిగింపించుకొనవలెను. దీనికి 1912 నెంబరు గలదు.

3. పొయ్యిలోని బూడిదను నీళ్లు చల్లి చల్లార్చిన పిమ్మటనే పెంటకుప్పపై వేయవలెను. పైకి తెల్లనైన బూడిదలో ఎఱ్ఱని నిప్పు దాగియుండును.

4. పచ్చిగడ్డిని వామి వేయరాదు. తడిసిన గడ్డి లోపల మ్రగ్గి వేడెక్కి, ఒక్కొక్కప్పుడు తనంత తానే అంటుకొనును.

5. కోసిన మడిలో కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టరాదు. గాలి మారినచో పొరుగువాని వామి మీ అగ్గికి ఆహుతియగును.

6. పశువుల కొట్టములో ఒక కొడవలిని చేతికందునట్లు దోపియుంచవలెను. మంటల వేడిలో పలుపు ముడి విప్పుటకు వ్యవధి ఉండదు, కోసి వదలవలెను.

7. వీధిలో బండ్లు, ఇసుక కుప్పలు, పందిరి గుంజలు అడ్డములేకుండ లారి పట్టునంత దారి విడువవలెను.

నిప్పు అంటుకొన్నప్పుడు

మొట్టమొదట ఫోను చేయుడు. “మనమే ఆర్పుకొందము” అని అరగంట పెనుగులాడి, చేయిదాటిన తరువాత పిలుచుట మన పల్లెలలో పెద్ద పొరపాటు. ఊరి పేరు, మండలము, గుర్తుగల గుడియో బడియో చెప్పవలెను. అంటుకొన్నది ఇల్లా, వామియా, గ్యాసు సిలిండరు ఉన్నదా, లోపల మనుష్యులున్నారా తెలుపవలెను. ఒకే పేరుగల ఊళ్లు పెక్కులుండును; మండలము చెప్పనిచో ఇంజను వేరొక ఊరికి పోవచ్చును. పిదప ఒకరిని పెద్దరోడ్డు మలుపున నిలిపి దారి చూపించవలెను.

తరువాత మనుష్యులను, పశువులను గాలికి ఎదురు దిక్కుగా తరలించవలెను. పశువులను వదలి ఊరకుండరాదు; బెదరిన పశువు అలవాటైన కొట్టమునకే తిరిగి పరుగెత్తును. దూరముగ కట్టివేయుడు. అంటుకొన్న పాకపైననే అందరును నీళ్లు పోయుచు నిలువరాదు. గాలివాలున నున్న ఇండ్ల కప్పులను తడుపుడు. తడి గోనెలు కప్పుడు. నిప్పురవ్వలు పడునది అక్కడనే.

కరెంటు పూర్తిగా నిలిచినదని తెలియువరకు తీగలపై నీరు చల్లరాదు. గ్యాసు వాసన వచ్చినచో దీపపు స్విచ్చి వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు మూసి తలుపులు తెరువవలెను. గ్యాసు గాలికంటె బరువైనది కనుక నేలబారున నిలిచియుండును. ఇందుకు 1906 నెంబరు గలదు.

గడ్డి ట్రాక్టరు తీగలకు తగిలినచో డ్రైవరు తొందరపడి దిగరాదు. ట్రాలీని మెల్లగ తీగనుండి తప్పించి, ఇండ్లకు దూరముగ బయలునకు కొనిపోవలెను. బండి కదలక, నిప్పంటుకొని దిగక తప్పనిచో, బండిని నేలను ఒకేసారి తాకకుండ రెండు పాదములు కలిపి దుమికి, పాదములు ఎడము చేయకుండ చిన్న గెంతులతో దూరము పోవలెను.

ఒంటిపై బట్టలంటుకొన్నవాడు పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను. ఇతరులు మందపాటి దుప్పటి కప్పవలెను. కాలినచోట 20 నిమిషములు చల్లని నీటిధార పోయవలెను. సిరా, పేస్టు, నూనె పూయరాదు. 108కి ఫోను చేయవలెను.

బావి విషయములో హెచ్చరిక

పాడుబడిన బావిలో చెడుగాలి నిలిచియుండును. ఒకడు దిగి స్పృహ తప్పును. అతనిని తీయుటకు అన్న దిగును. అన్నకొరకు తండ్రి దిగును. ఒక్క ప్రాణము పోవలసినచోట మూడు పోవును. కనుక లోపలివాడు స్పృహలో నున్నచో మోకు విడువుడు. స్పృహ లేనిచో ఎవరును దిగక దళమును పిలువుడు. వారు గాలితొట్టి వీపున కట్టుకొని దిగెదరు. నీరు పడని బోరుగుంతలను మూయవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించినది. మీ పొలములో నోరు తెరచిన బోరుగుంత ఉన్నచో నేడే మూయుడు.

గ్రామాధికారులకు మనవి

నష్టపోయిన రైతు మరునాడు దిక్కుతోచక కూర్చుండును. తహసిల్దారు కార్యాలయమునకు తెలిపి పంచనామా జరిపించుట, అగ్నిమాపక కేంద్రము నుండి ప్రమాద ధ్రువపత్రము తీసుకొనుటలో తోడ్పడుట మీ ధర్మము. ప్రభుత్వ సహాయమునకు, బీమాకు ఆ పత్రమే ఆధారము.

వేసవి రాకముందే పంచాయతీ సమావేశములో ఒక్క గంట దీనికి కేటాయించుడు. నీరు దొరకుచోట్లను వ్రాసి పంచాయతీ గోడపై వేయించుడు. సమీప కేంద్రము నెంబరు వీధి వీధిన తెలియవలెను. వారోత్సవములలో సిబ్బందిని మీ ఊరికి ఆహ్వానించుడు, వచ్చి చూపెదరు. వారికి మీ దారి, మీ చెరువు తెలిసినచో ఆపదనాడు ఆ పరిచయమే పది నిమిషములు మిగుల్చును.

ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లు కాక, నీరు, దారి, మనుష్యులు ముందే సిద్ధముగ నున్న ఊరికి ఫైరింజను వచ్చినప్పుడే దాని సేవ సార్థకము. ఈ సాయంకాలమే మీ వామికి, ఇంటికి నడుమ అడుగులు కొలిచి చూడుడు.