బిల్లు చూసుకోవడం పిసినారితనం కాదు

డిసెంబరు 24 అనగానే మన సంఘాలకు క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధన గుర్తుకొస్తుంది. మన దేశంలో ఆ రోజుకు ఇంకో పేరు ఉంది: జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో అదే తేదీన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఇప్పుడు దాని స్థానంలో 2019 చట్టం ఉంది. అది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. విశ్వాసుల కుటుంబాలు ఏడాది మొత్తంలో ఎక్కువ సరుకులు కొనేది కూడా ఈ రోజుల్లోనే. మహదేవపూర్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిండివంటల సామాను కోసం ఊరి కిరాణానికే కాక, భూపాలపల్లికో మంథనికో హనుమకొండకో పోయి సూపర్ మార్కెట్లలో కొంటున్నారు. అందుకే ఈ వారం బిల్లు కౌంటర్ దగ్గర జరిగే పొరపాట్ల గురించి రాస్తున్నాం.

సంపాదకీయం పేజీలో ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. కానీ తూకం, కొలత, ధర అనేవి దేవుని వాక్యం పట్టించుకోని చిన్న విషయాలు కావు. లేవీయకాండము 19వ అధ్యాయంలో పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ ఉంది. త్రాసు, తూకపు రాళ్ళు, కొలపాత్రలు న్యాయంగా ఉండాలన్న ఆజ్ఞ కూడా అదే అధ్యాయంలో ఉంది. కొలపాత్రను చిన్నది చేసి, ధర పెంచి, పేదలకు తాలు గింజలు అమ్మేవారిని ఆమోసు ప్రవక్త తన 8వ అధ్యాయంలో గద్దించాడు. వడ్ల కల్లం దగ్గర తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు కోస్తే ఆ రైతు ఇంట్లో ఎంత బాధో మన పల్లె సంఘాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొనేటప్పుడు జరిగే నష్టం కూడా అలాంటిదే. అయితే అది పది, ఇరవై రూపాయల చొప్పున పోతుంది కాబట్టి కంటికి ఆనదు.

యంత్రం చెప్పిన ధర తప్పు కాదని చాలామంది అనుకుంటారు. అసలు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్యాకెట్ మీద నల్లగీతల బార్‌కోడ్‌లో సాధారణంగా ధర ఉండదు. ఉండేది ఒక సంఖ్య మాత్రమే. మన దేశంలో నమోదైన సంస్థల సరుకులపై ఆ సంఖ్య 890తో మొదలవుతుంది. యంత్రం ఆ సంఖ్యను చదివి, దుకాణం కంప్యూటర్‌లో దానికి ఎదురుగా రాసిపెట్టిన ధరను తెస్తుంది. ఆ ధరను అక్కడ రాసింది మనిషే. అరకు అంటించిన చీటీ మార్చి కంప్యూటర్‌లో మార్చడం మరిచిపోతే బిల్లు తప్పుతుంది. ఆఫర్ బోర్డు వేలాడుతూ ఉండి, కంప్యూటర్‌లో దాని గడువు ముగిసిపోయినా బిల్లు తప్పుతుంది.

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. కంపెనీ ధర మార్చినా బార్‌కోడ్ మారకపోవచ్చు. అప్పుడు పాత ధర ప్యాకెట్లు, కొత్త ధర ప్యాకెట్లు ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. స్కాన్ చేయగానే కంప్యూటర్ రెండు ధరలు చూపిస్తే, ఏది సరైనదో కౌంటర్‌లోని వ్యక్తి ప్యాకెట్ చూసి ఎంచుకోవాలి. వెనుక వరుస పెరిగిపోతుంటే చూడకుండానే నొక్కేయడం సహజం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు ఇలాంటి గందరగోళానికి చాలా అవకాశం ఏర్పడింది. సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్లపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నలపై 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర అచ్చయిన ప్యాకెట్లు మాత్రం దుకాణాల్లో అలాగే ఉన్నాయి.

ఇవి కాక ఒకే వస్తువు రెండుసార్లు స్కాన్ కావడం, విడిగా తూచే పప్పుకు వేరే రకం ధర పడటం, అడగకుండానే చేతిసంచి ధర కలపడం కూడా ఉంటాయి. ముందుగా తెలియజేయకుండా కౌంటర్ దగ్గర చేతిసంచికి డబ్బు తీసుకోవడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తీర్పు ఇచ్చింది.

ఊరి కిరాణంలో పొరపాట్లు వేరే రకంగా ఉంటాయి. కాగితం ముక్క మీద వేసిన కూడిక తప్పవచ్చు. ఉద్దెర పుస్తకంలో ఒకే సరుకు రెండుసార్లు ఎక్కవచ్చు. మిఠాయిని అట్టపెట్టెతో సహా తూస్తారు. కిలో 600 రూపాయల మిఠాయిలో పెట్టె బరువు 100 గ్రాములుంటే, 60 రూపాయలు అట్టకే పోయినట్టు. చల్లని సీసాకు కూలింగ్ చార్జీ పేరుతో ఐదు రూపాయలు అదనంగా అడుగుతారు. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెడతారు.

చట్టం చెప్పేది సులభంగానే ఉంటుంది. ప్యాకెట్ మీద అచ్చయిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దుకాణదారుడు అంతకంటే తక్కువకు అమ్మవచ్చు గానీ ఎక్కువకు అమ్మకూడదు. కూలింగ్ చార్జీకి చట్టంలో చోటు లేదు. ఎక్కువ ధర స్టిక్కర్‌ను పాత ధర మీద అంటించకూడదు. ఒక ప్యాకెట్‌ను మహదేవపూర్‌లో కొన్నా, గోదావరి వంతెన దాటి సిరోంచలో కొన్నా, దాని మీద అచ్చయిన ధరే హద్దు. హోటల్లో కూర్చొని తాగే నీళ్ళ సీసా సంగతి మాత్రం వేరు. హోటళ్ళు, రెస్టారెంట్లు ఎమ్మార్పీకే అమ్మాలన్న నిర్బంధం లేదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. విడిగా అమ్మే బియ్యం, పప్పులకు ఎమ్మార్పీ ఉండదు కాబట్టి తూచకముందే ధర అడగాలి. ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖవారు ఏడాదికోసారి పరీక్ష చేసి ముద్ర వేయాలి. సరుకు పెట్టకముందు కాంటా సున్నా చూపిస్తోందో లేదో చూడటానికి ఒక్క క్షణం చాలు.

బిల్లు చేతికి రాగానే కౌంటర్ దాటకముందే మూడు సంగతులు చూడండి: సంచిలో ఎన్ని వస్తువులున్నాయో బిల్లులో అన్నే ఉన్నాయా, ఖరీదైన నాలుగైదు వస్తువుల ధర ప్యాకెట్ మీది ధరను మించకుండా ఉందా, తూచిన సరుకుల పేరు, బరువు సరిగ్గా ఉన్నాయా. తేడా కనిపిస్తే గొంతు పెంచవద్దు. "అమ్మా, ఇది ఒకసారి చూడు" అంటే చాలు. అక్కడ కూర్చున్న అమ్మాయి ఆ ధర పెట్టలేదు. చాలాసార్లు అక్కడే సరిచేస్తారు. సరిచేయకపోతే బిల్లు, ప్యాకెట్ దాచిపెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్నదాని విలువ 5 లక్షల రూపాయల లోపుంటే దానికి ఫీజు లేదు.

"పోనీలే, దేవుడు చూసుకుంటాడు" అని ఊరుకునేవారు మనలో ఉన్నారు. ఆ మాటలో నెమ్మది ఉంది గానీ, వెనుక నిలబడినవారి సంగతి అందులో లేదు. కంప్యూటర్‌లో ఒక ప్యాకెట్‌కు పది రూపాయలు ఎక్కువ పడి ఉంటే, అది రోజుకు యాభై మంది కొన్నా ఐదు వందలు. వారిలో చదువురాని తల్లి ఉంటుంది, కంటిచూపు తగ్గిన ముసలాయన ఉంటాడు, ఆ రోజు కూలితో ఆ పూట సరుకు కొనేవారూ ఉంటారు. చదవగలిగినవారు ఒక్కరు అడిగితే ఆ ధర అందరికీ సరి అవుతుంది. మన పది రూపాయలను మనం వదులుకోవచ్చు. వారి పది రూపాయలను వదిలేసే హక్కు మనకు లేదు.

ఇంతవరకు మనకు నష్టం కలిగే తప్పుల గురించే మాట్లాడుకున్నాం. మనకు లాభం కలిగే తప్పులు కూడా ఉంటాయి. బిల్లులోకి ఎక్కని నూనె ప్యాకెట్, తక్కువ పడిన ధర, ఎక్కువ వచ్చిన చిల్లర. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో దుకాణాల స్కానర్లను పరీక్షిస్తే 21 వస్తువులలో ఒకదానికి, 1998లో మళ్ళీ చూస్తే 30 వస్తువులలో ఒకదానికి ధర తప్పుగా ఉంది. వాటిలో ఎక్కువ పడినవీ ఉన్నాయి, తక్కువ పడినవీ ఉన్నాయి. ఎక్కువ పడినప్పుడు కౌంటర్ దగ్గరికి తిరిగి వెళ్ళి, తక్కువ పడినప్పుడు గబగబా ఇంటికి నడిస్తే దానిని న్యాయం కోసం పోరాటం అనలేం.

ఆదికాండము 42, 43 అధ్యాయాలలో ఇలాంటి సంగతే ఉంది. కరువులో యాకోబు కుమారులు ఐగుప్తుకు పోయి ధాన్యం కొన్నారు. గోనెలు విప్పితే తాము చెల్లించిన రూకలు అందులోనే ఉన్నాయి. యోసేపే వాటిని పెట్టించాడని వారికి తెలియదు. ఇంట్లో ధాన్యం అయిపోయింది, కరువు తీరలేదు. అయినా యాకోబు ఆ రూకలను వెనక్కి తీసుకుపొమ్మన్నాడు, కొత్త ధాన్యానికి వేరే రూకలు ఇచ్చి పంపాడు. అది పొరపాటున జరిగి ఉండవచ్చని అతడు అనుకున్నాడు. వారు వెళ్ళగానే గృహనిర్వాహకునితో ముందుగా ఆ సంగతే చెప్పారు. ఆకలితో ఉన్న ఇల్లు చేసిన పని అది.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ఒకే సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు ఉండకూడదని ఆజ్ఞాపిస్తుంది. మనం దానిని వ్యాపారస్థులకు మాత్రమే వర్తింపజేస్తాం. కానీ సామెతల గ్రంథం 20వ అధ్యాయం 10వ వచనంలో అమ్మేవారి తూకం గురించి చెప్పి, 14వ వచనంలో కొనేవారి సంగతి కూడా చెప్పింది: బేరమాడేటప్పుడు సరుకును తీసిపారేసి, కొనుక్కొని పోయాక గొప్పలు చెప్పుకునేవాడి సంగతి. కొనేవారి సంచిలో కూడా రెండు రాళ్ళు ఉండగలవు. నాకు నష్టమైతే ఒక రాయి, నాకు లాభమైతే ఇంకొక రాయి. చిల్లర ఎక్కువ ఇచ్చిన అమ్మాయి సాయంత్రం గల్లా లెక్క తేలక తన జేబులోనుంచి కట్టవలసి వస్తే, ఆ రెండవ రాయి ఆమె మీదే పడుతుంది.

సంఘం కోసం కొనేటప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. క్రిస్మస్ ప్రేమవిందుకు బియ్యం, నూనె, పప్పు కొనేది విశ్వాసుల కానుకలతోనే. అందులో కూలి డబ్బులోనుంచి తీసి వేసిన నాణెం కూడా ఉంటుంది. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను అపొస్తలుడైన పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకమైన సహోదరులను వెంటబెట్టుకున్నాడని రెండవ కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయంలో చదువుతాం. కాబట్టి సరుకులకు ఇద్దరు వెళ్ళండి. ఒకరు బిల్లు చదవండి, ఒకరు సరుకు సరిచూడండి. ఆ బిల్లులను లెక్కల పుస్తకంలో అంటించి పెట్టండి.

మన సంఘాలలో కిరాణం నడిపే సహోదరులు, కౌంటర్లలో పనిచేసే యువతీ యువకులు కూడా ఉన్నారు. వారికి ఒక మనవి. బిల్లు సరిచూసుకునేవారిని అనుమానపు మనుషులుగా చూడకండి. ధర మారిన రోజే చీటీ, కంప్యూటర్ రెండూ మార్చండి. ఉద్దెర పుస్తకాన్ని అడిగిన వెంటనే చూపించండి. జక్కయ్య రక్షణ పొందిన రోజున అతడు మాట్లాడింది లెక్కల గురించే. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఈ పండుగ సరుకులు తెచ్చుకున్న రోజున బిల్లును ఇంట్లో పిల్లల చేత గట్టిగా చదివించండి. ఎక్కువ పడితే మర్యాదగా అడగండి. తక్కువ పడితే ఆ పిల్లలనే వెంటబెట్టుకొని వెళ్ళి తిరిగి ఇవ్వండి.