పేరుకే కిల్లర్లు... పనికి కాపలాదార్లు!

పోయిన శ్రావణంలో మా చెల్లె హుజూరాబాద్‌లో బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. చేతిలో ల్యాబ్ రిపోర్టు. చెప్పులు విడవకముందే ఏడుపు. "అక్కా, నా ఒంట్ల కిల్లర్ కణాలు ఎక్కువున్నయంట. అవే నా పిల్లల్ని చంపినయంటనే!"

దానికి రెండుసార్లు మూడో నెలలోనే గర్భం పోయింది. అత్తగారింట్లో 'దోషం' అన్న మాట అప్పటికే తిరుగుతోంది. ఇప్పుడా దోషానికి కాగితం మీద ఇంగ్లీషు పేరు కూడా దొరికిందన్నమాట.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఆ రాత్రి దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

మన రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లు ఒక రకం. వాటిలో నూటికి 5 నుంచి 15 దాకా ఈ 'నేచురల్ కిల్లర్' కణాలే. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో వీటికా పేరు పెట్టినవాళ్లలో ఎవా క్లైన్ అనే మహిళ ఉన్నారు. హంగరీలో పుట్టిన యూదు ఆవిడ. నాజీల కాలంలో బుడాపెస్ట్‌లో దాక్కుని ప్రాణం దక్కించుకున్నారు.

మిగతా లింఫోసైట్లు శత్రువును గుర్తుపట్టి, బలగం పెంచుకుని దిగేసరికి కొన్ని రోజులు పడుతుంది. వీటికి ఆ ఆలస్యం లేదు. మరి మనవాళ్లెవరో ఎలా తెలుస్తుంది? బస్సులో చెకింగ్ వాళ్లలాగే! ఉచిత ప్రయాణమైనా మనం జీరో టికెట్ చూపించాలి కదా. మన కణాలూ ఒంటిమీద ఒక గుర్తును చూపిస్తుంటాయి. వైరస్ సోకిన కణాలు, క్యాన్సర్ కణాలు చాలాసార్లు ఆ గుర్తును దాచేస్తాయి. గుర్తు లేనిదాన్ని కిల్లర్ కణం పట్టుకుని, పెర్ఫోరిన్‌తో రంధ్రం చేసి, గ్రాంజైములు లోపలికి పంపి చంపేస్తుంది. పుట్టుకతో ఇవి లేనివాళ్లకు మామూలు చికెన్‌పాక్స్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

"మరి కడుపుల పిల్ల సంగతేందక్కా?" అంది చెల్లె.

అసలు ముచ్చట అదే. గర్భం నిలిచిన తొలి వారాల్లో గర్భసంచి పొరలోని తెల్లకణాల్లో నూటికి 70 దాకా ఈ జాతివే. అయితే అవి బిడ్డను చంపవు. తల్లి రక్తనాళాలు వెడల్పయ్యేందుకు సాయపడి, మాయకు రక్తం బాగా అందేలా చూస్తాయి. రక్తపరీక్షలో లెక్కపెట్టేది ఒంట్లో తిరిగే కణాలను. గర్భసంచిలో ఏం జరుగుతోందో ఆ అంకె చెప్పదు. పదే పదే గర్భం పోయేవాళ్లకు ఈ పరీక్ష చేయించమనడానికి ఆధారాలు చాలవని యూరప్ సంతాన వైద్యుల సంఘం 'ఈష్రే' 2017లోనే చెప్పింది. ఆ అంకె చూసి స్టెరాయిడ్లు, ఖరీదైన సెలైన్లు ఎక్కించుకుంటే మేలని చెప్పే గట్టి రుజువూ లేదు.

తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. అది తల్లి తప్పు కాదు. రెండుసార్లు పోతే థైరాయిడ్, రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలు, గర్భసంచి స్కానింగ్ గురించి గైనకాలజిస్టును అడగాలి.

మర్నాడు చెల్లె, "ఈ ముచ్చట మా అత్తమ్మకు నువ్వే చెప్పక్కా" అంది. వెళ్లి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ ఆ 'దోషం' మాట మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదట.

మీ ఇంట్లోనూ ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఏడ్చే పిల్ల ఉంటే, ముందు పక్కన కూచోబెట్టుకుని ఈ సంగతి చెప్పండి. మందుల మాట ఆ తర్వాత.