పంక్తిలోని అక్షరములు – రికార్డు క్లాసు

సూళ్లూరుపేటకు తూర్పున, పులికాటు సరస్సుకు ఆవల శ్రీహరికోట ఉన్నది. 1980 జూలై 18న అక్కడినుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపెను. 2008 అక్టోబరు 22న 1380 కిలోల చంద్రయాన్-1 అక్కడినుండే బయలుదేరెను. ఇట్టి వివరములను కంప్యూటరు ఫైలులో ఒక్కొక్క పంక్తిగా, అంశముల నడుమ కామాలతో వ్రాయుదురు:

రోహిణి,1980-07-18,35
చంద్రయాన్-1,2008-10-22,1380

చదివినంతమాత్రమున కంప్యూటరుకు ఇవి వట్టి అక్షరములే. ద్రవ్యరాశులను అట్లే పోల్చినచో, నిఘంటువులోని మాటలవలె మొదటి అక్షరమును చూచి, 1 తరువాత 3 వచ్చును గనుక, 35 కిలోల రోహిణియే పెద్దదని తేల్చును!

ఈ పొరపాటును నివారించునదే రికార్డు క్లాసు. అది గడులు గీసిన దరఖాస్తు ఫారము వంటిది. పేరు గడిలో అక్షరములు, తేదీ గడిలో తేదీ, ద్రవ్యరాశి గడిలో సంఖ్య మాత్రమే ఉండవలెను. పంక్తిని చదివిన వెంటనే ఒక్కచోటనే ఈ మార్పిడి జరుగవలెను. గడి తక్కువైనను, సంఖ్య ఉండవలసినచోట మాట ఉన్నను, ఎన్నవ పంక్తిలో తప్పున్నదో చెప్పవలెను; మౌనముగా సున్న వేసికొనరాదు.

“శ్రీహరికోట, ఆంధ్రప్రదేశ్” అని అంశములోనే కామా ఉన్నచో? దానిని ఉద్ధరణ చిహ్నముల నడుమ వ్రాయుదురు. వాటిని గుర్తించి పంక్తిని విడదీయుట వేరొక భాగము పని. విడదీసిన ముక్కలకు అర్థమిచ్చుటయే రికార్డు క్లాసు పని. విద్యార్థులు పై రెండు పంక్తులతోనే దీనిని పరీక్షించి చూడవచ్చును.